రొమ్ము క్యాన్సర్‌కి డీఎన్‌ఏ టీకా తెప్పిస్తామంటున్నారు, నమ్మొచ్చా?

నాగావళి_ఒడ్డు (రాయగడ)

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా అప్పకి, అంటే అక్కకి, 43 ఏళ్ళు. రొమ్ము క్యాన్సర్ వచ్చింది, రిపోర్టులో హెర్‌2 పాజిటివ్ అని రాశారు. విశాఖలో ఆపరేషన్ అయింది, కీమో అయింది, ఆ తరవాత ఏడాది పాటు ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్లు కూడా అయ్యాయి. ఇప్పుడు బాగానే ఉంది, చెకప్‌లకి వెళ్తోంది. మా అమ్మ అండాశయం క్యాన్సర్‌తో పోయింది. నాకు 38.

ఈ మధ్య మా బావకి ఎవరో వాట్సాప్‌లో వీడియో పంపారు. అమెరికాలో రొమ్ము క్యాన్సర్‌కి డీఎన్‌ఏ టీకా కనిపెట్టారనీ, ఇక క్యాన్సర్ పనైపోయినట్టేననీ అందులో చెబుతున్నారు. దాని వెనకే మందుల షాపులకి సరకు వేసే ఒకాయన ఇంటికి వచ్చి, అదే టీకా తెప్పిస్తాను, మూడు డోసులు, మనిషికి 65 వేలు, అక్కచెల్లెళ్ళిద్దరూ కలిసి వేయించుకుంటే తగ్గిస్తాను అన్నాడు. సగం ముందే కట్టాలట. బావ బంగారం తాకట్టు పెట్టేద్దామంటున్నాడు. అప్పేమో మజ్జిగౌరమ్మకి మొక్కుకుని, మీరు ఎలా అంటే అలా అని కూర్చుంది. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

ఇలాంటి టీకా నిజంగా ఉందా? ఉంటే నాలాగా ఇంకా రోగం రాని మనిషికి పనికొస్తుందా?

పాత_సైకిల్ (పర్లాకిమిడి)

ఏటమ్మా, ఇంకా అడగాలా? ఒక్క రూపాయి కట్టకండి. క్యాన్సర్‌కి టీకా అని నేను కుర్రాడిగా ఉన్నప్పటి నుంచి వింటున్నాను. ఎలకలకి తగ్గిందంటారు, పేపర్లో వేస్తారు, అక్కడితో సరి. అంతా మందుల కంపెనీల నాటకం.

గాజుపలక (బరంపురం)

సైకిల్ మామగారూ, డబ్బు కట్టొద్దన్న మాటకి నా ఓటు మీకే. నాటకం అన్నదానికి మాత్రం ఒప్పుకోను. నేను పాథాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని, రోజూ ఈ హెర్‌2 పరీక్ష గాజు పలకలకే (స్లైడ్లకే) రంగు వేస్తుంటాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

అమ్మా, మీ అప్ప రిపోర్టు తీసి చూడండి. హెర్‌2 పక్కన 3+ అని ఉంటుంది. లేదా 2+ వచ్చి, ఆ మీదట ఫిష్ అనే పరీక్ష చేసి పాజిటివ్ అని రాసి ఉంటారు. మైక్రోస్కోపు కింద 3+ పలక చూస్తే ఒక్కో కణం చుట్టూ ముదురు గోధుమ రంగు గీత గీసినట్టు కనపడుతుంది. ఆ గీతే హెర్‌2 ప్రొటీన్. మామూలు కణాల మీద కొద్దిగా ఉంటుంది, ఈ రకం క్యాన్సర్‌లో విపరీతంగా పెరిగిపోతుంది. రొమ్ము క్యాన్సర్లలో సుమారు 15 నుంచి 20 శాతం ఈ రకం. ట్రాస్టుజుమాబ్ బయట తయారైన యాంటీబాడీ, వచ్చి ఈ ప్రొటీన్‌కే అంటుకుంటుంది. అమెరికాలో దానికి 1998లో అనుమతి వచ్చింది.

టీకా వాళ్ళ ఆలోచన ఏమిటంటే, యాంటీబాడీని ఏడాది పాటు బయటి నుంచి ఎక్కించడం కాకుండా, హెర్‌2ని పట్టుకునే పనిని ఒంటికే నేర్పాలని. దానికోసం ఆ ప్రొటీన్‌ని తయారుచేసే జన్యువు ముక్కని ప్లాస్మిడ్ అనే గుండ్రటి డీఎన్‌ఏలో పెట్టి కండకో చర్మానికో ఇస్తారు. అక్కడి కణాలు దాన్ని చదివి కొంతకాలం ఆ ప్రొటీన్ ముక్క తయారుచేస్తాయి. దాన్ని చూసి మన టి కణాలు, అంటే రోగనిరోధక వ్యవస్థలోని కాపలా కణాలు, గుర్తుపట్టడం నేర్చుకుంటాయి. కండలోకి ఉత్త డీఎన్‌ఏ ఎక్కించినా కణాలు దాన్ని చదువుతాయని ఎలకల్లో చూపించింది 1990లో. మొత్తం కథ మొదలైంది అక్కడే.

ఇది నిజం సైన్సు. మీ ఊరి సరకాయన చేతిలో ఉన్నది మాత్రం ఇది కాదు. ప్రపంచంలో ఏ దేశంలోనూ రొమ్ము క్యాన్సర్ డీఎన్‌ఏ టీకాకి అమ్మకానికి అనుమతి లేదు. ట్రయల్స్‌లోనే ఇస్తున్నారు.

గుణుపురం_టీచరమ్మ

గాజుపలకగారూ, డీఎన్‌ఏ ఎక్కిస్తే మన డీఎన్‌ఏ మారిపోదా? మా స్కూల్లో పిల్లలు కూడా అడుగుతారు, ధైర్యంగా జవాబు చెప్పలేకపోతున్నాను.

ఐస్‌బాక్స్ (కోరాపుట్)

దీనికి నేను చెప్తాను, టీకాల కోల్డ్ చెయిన్ పని నాది. టీచరమ్మగారూ, మనుషులకి అనుమతి వచ్చిన మొట్టమొదటి డీఎన్‌ఏ టీకా మన దేశానిదే. జైడస్ వాళ్ళ జైకోవ్‌-డి, కోవిడ్‌కి. 2021 ఆగస్టులో అత్యవసర వాడకానికి అనుమతి ఇచ్చారు, 12 ఏళ్ళు నిండినవాళ్ళ నుంచి. సూది ఉండదు. ఒక పరికరాన్ని చర్మానికి ఆనించి నొక్కితే మందు సన్నటి ధారలా ఒత్తిడితో లోపలికి దిగుతుంది. 28 రోజుల తేడాతో మూడు డోసులు.

ప్లాస్మిడ్ మామూలుగా మన క్రోమోజోముల్లోకి వెళ్ళి అతుక్కోదు, పక్కనే విడిగా ఉండి కొన్నాళ్ళకి పోతుంది. ఎక్కడైనా అతుక్కుంటుందేమో అని అనుమతికి ముందే జంతువుల్లో వెతుకుతారు, అది తప్పనిసరి పరీక్ష.

నాకు ఈ రకం మీద ఇష్టం వేరే కారణానికి. డీఎన్‌ఏ గట్టి సరుకు. జైకోవ్‌-డి దాచాల్సింది 2 నుంచి 8 డిగ్రీల్లోనే అయినా, 25 డిగ్రీల్లో మూడు నెలల దాకా చెడలేదని చూపించారు. కోవిడ్‌కే వచ్చిన ఇంకో రకం, ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల్లో చాలావాటికి మైనస్ డిగ్రీల ఫ్రీజర్లు కావాలి. మల్కనగిరి ఘాట్ రోడ్డులో వాన పడి బండి ఆగిపోయి, కరెంటు లేని సబ్‌సెంటర్లో ఐస్‌బాక్స్ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నవాళ్ళకి తెలుస్తుంది ఆ తేడా.

పాత_సైకిల్ (పర్లాకిమిడి)

కోవిడ్‌ది సరే బాబూ, అది బయటి నుంచి వచ్చిన పురుగు. క్యాన్సర్ సంగతి అడుగుతున్నాను. ముప్పై ఏళ్ళ నుంచి ఎలకలకి నయమవుతుంటే మనుషులకి ఎందుకు అవడం లేదు?

గాజుపలక (బరంపురం)

మామగారూ, అసలు ముడి అక్కడే ఉంది.

వైరస్ పరాయిది. హెర్‌2 మన సొంత ప్రొటీన్. ఇంటి మనిషిని చూసి కుక్క మొరగదు కదా, ఇదీ అంతే. పుట్టినప్పటి నుంచి ఒంట్లో ఉన్నదాని మీదకి వెళ్ళకూడదని రోగనిరోధక వ్యవస్థకి గట్టి శిక్షణ ఉంటుంది. ఆ శిక్షణని కొంచెం సడలించాలి, మరీ సడలిస్తే గుండె లాంటి మంచి అవయవాల మీద పడే ప్రమాదం. ఈ రెండింటి మధ్య దారి వెతకడానికే ఇన్నేళ్ళు పట్టింది.

ఒక దారి ఏమిటంటే, వేరే జీవి జన్యువు వాడటం. దగ్గరగానే ఉంటుంది, కొంచెం తేడా ఉంటుంది. నిజం కుక్కలకే ఇలాంటి టీకా ఉంది. నోటి మెలనోమా అనే క్యాన్సర్ వచ్చిన కుక్కలకి మనిషి టైరోసినేజ్ జన్యువు ఉన్న డీఎన్‌ఏ టీకా ఇస్తారు. అమెరికాలో 2007లో షరతులతో, 2010లో పూర్తిగా అనుమతి ఇచ్చారు. రోగం వచ్చాక ఇచ్చేదే అది కూడా, ముందు జాగ్రత్తకి కాదు.

రెండో చిక్కు, పెద్ద ఒంట్లో డీఎన్‌ఏ కణం లోపలికి, అందులోనూ కేంద్రకం దాకా వెళ్ళాలి. ఎలక కండ చిన్నది, సరిపోతుంది. మనిషికి అదే పద్ధతిలో ఇస్తే చాలా కొద్ది కణాలే తీసుకుంటాయి. అందుకే టీకా ఇచ్చిన చోట క్షణకాలం కరెంటు పల్స్ ఇస్తారు, కణం పొరలో రంధ్రాలు తెరుచుకుని డీఎన్‌ఏ లోపలికి పోతుంది. కండ ఒక్కసారి జెర్క్ ఇస్తుంది, నొప్పి ఉంటుంది కానీ వెంటనే పోతుంది. డెట్రాయిట్‌లో వెయిన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో వే-జెన్ వే బృందం హెర్‌2 టీకాని ఇలాగే ఎలకలకి ఇచ్చి, మందులకి లొంగని కణుతులు కూడా పోయాయని 2008లో ప్రచురించింది. వాట్సాప్ వీడియోలు చాలా వరకు ఇలాంటి ఎలకల వార్తలకే మసాలా దట్టినవి.

ఇప్పుడు మనుషుల సంగతి. సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మేరీ నోరా డిసిస్ బృందం హెర్‌2లో కణం లోపలి వైపు ఉండే భాగాన్ని మాత్రమే తీసుకుని డీఎన్‌ఏ టీకా చేసింది. 66 మంది ఆడవాళ్ళు, అందరివీ ముదిరిన దశ హెర్‌2 క్యాన్సర్లే, చికిత్స అయిపోయి రోగం అణిగి ఉన్నవాళ్ళు. 10, 100, 500 మైక్రోగ్రాముల మోతాదులు. 2001లో మొదలుపెట్టిన ట్రయల్ ఫలితం అచ్చయింది 2022 నవంబరులో. ఒక్కొక్కరి వెంటా సుమారు పదేళ్ళు ఉండి చూశారన్నమాట! 100 మైక్రోగ్రాముల దగ్గర రోగనిరోధక స్పందన బాగుంది, 500కి వెళ్తే అదనంగా ఏమీ రాలేదు. పదేళ్ళ తరవాత దాదాపు 80 శాతం బతికే ఉన్నారు. అదే దశలో ఉన్నవాళ్ళలో మామూలుగా అయిదేళ్ళకి సగం మంది పోతారని అంచనా.

ఇది చదివి గంతులేయకండి. అది మొదటి దశ ట్రయల్, భద్రత చూడటానికి చేసింది. టీకా ఇవ్వకుండా పక్కన పెట్టి పోల్చిన గుంపు లేదు. పైగా రోగం అణిగినవాళ్ళనే తీసుకున్నారు, వాళ్ళు ఎలాగూ కొంచెం మెరుగ్గా ఉండేవాళ్ళే. అసలు తేల్చాల్సింది పెద్ద ట్రయల్.

పెద్ద ట్రయల్‌లో బోల్తా పడ్డది కూడా ఉంది. న్యూవాక్స్ అని, డీఎన్‌ఏ కాదు, హెర్‌2 ప్రొటీన్ చిన్న ముక్కతో చేసిన టీకా. ముందు చిన్న ట్రయల్స్‌లో ఆశ పుట్టించింది. మూడో దశలో 758 మందిని తీసుకున్నారు. లాభం కనపడక 2016లో ఆపేశారు. మామగారి అనుమానం ఊరికే వచ్చింది కాదు, నాకు తెలుసు.

పాత_సైకిల్ (పర్లాకిమిడి)

ఇలా చెప్తే వింటాను గానీ. కరెంటు పెట్టించుకోడానికి మాత్రం నేను రాను.

సిరొంచ_రేవు (గడ్చిరోలి జిల్లా)

మహారాష్ట్ర కొస నుంచి రాస్తున్న. మా ఇంటామెది ట్రిపుల్ నెగెటివ్, నాగపూర్ల చూపించినం. హెర్‌2 లేదు, హార్మోన్ లేదు, మరి ఆ రకానికి టీకా దేని మీద చేస్తరు? ఎవరైనా చెప్పండి. మన దేశంల ఈ రకమే ఎక్కువ అని డాక్టరుసాబ్ అన్నడు.

గాజుపలక (బరంపురం)

అన్నా, ఎక్కువ అంటే మొత్తంలో పెద్ద వాటా అని కాదు, పడమటి దేశాలతో పోలిస్తే మన దగ్గర ఆ రకం వాటా ఎక్కువ. ఆ మాట నిజమే.

దానికి పద్ధతి పూర్తిగా వేరు. ఒక్కో మనిషి కణితిలో ఆ మనిషికే ప్రత్యేకమైన తప్పులు, మ్యుటేషన్లు, ఉంటాయి. కణితి డీఎన్‌ఏనీ రక్తంలోని డీఎన్‌ఏనీ రెండింటినీ చదివి, ఆ తేడాలు ఏరి, అవి మాత్రమే ఉన్న ప్లాస్మిడ్ ఆమె కోసమే తయారుచేస్తారు. తేడా ఉన్న ప్రొటీన్ పరాయిదిగానే కనపడుతుంది కాబట్టి ఇందాక చెప్పిన ఇంటి మనిషి చిక్కు తగ్గుతుంది. సెయింట్ లూయిస్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీలో, సియాటిల్‌ది వేరు, ఇది వేరు, గిలాండర్స్ అనే సర్జన్ బృందం 18 మంది ట్రిపుల్ నెగెటివ్ వాళ్ళకి ఇచ్చింది. కీమో ఇచ్చినా కణితి పూర్తిగా పోనివాళ్ళు వీళ్ళు, మళ్ళీ వచ్చే భయం ఎక్కువ. 14 మందిలో రోగనిరోధక స్పందన కనపడింది. మూడేళ్ళకి 16 మందికి రోగం తిరగబెట్టలేదు. 2024లో అచ్చయింది. 18 మందితో ఏదీ తేలదు, మళ్ళీ అదే మాట.

అదే బృందం మమ్మాగ్లోబిన్-ఎ అనే ప్రొటీన్ మీద కూడా టీకా చేసింది, ఆ ఫలితం 2014లో అచ్చయింది. రొమ్ములో తప్ప ఇంకెక్కడా పెద్దగా ఉండదు అది, అందుకే ఎంచుకున్నారు. ఒంట్లో పాకిపోయిన క్యాన్సర్ ఉన్న 14 మందికి ఇస్తే దాదాపు సగం మందిలో ఏడాది దాకా ముదరలేదు.

సిరొంచ_రేవు (గడ్చిరోలి జిల్లా)

సమజైంది. మనిషికొక మందు అంటే మన దాకా రావడానికి చానా ఏళ్ళు పడ్తది.

నైట్‌డ్యూటీ_అక్క (ఇచ్ఛాపురం)

స్టాఫ్ నర్సుని, ఎన్నో ఏళ్ళుగా క్యాన్సర్ వార్డులోనే. నాగావళి చెల్లీ, ఆ మనిషిని ఎలా పట్టాలో చెప్తాను.

మన దేశంలో ఏ మందు ట్రయల్ అయినా సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయాలి, 2009 నుంచి తప్పనిసరి. వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. ఆ నంబరు ఇవ్వు అని అడుగు. ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం అడుగు. ట్రయల్‌లో చేరే ముందు మీకు అర్థమయ్యే భాషలో అంతా వివరించి సంతకం తీసుకుంటారు. మందుకి రోగి దగ్గర డబ్బు తీసుకోరు. నష్టం జరిగితే వైద్యం చేయించి పరిహారం ఇవ్వాలని 2019 రూల్స్‌లో ఉంది. అడ్వాన్సు అడిగాడంటే అక్కడే తేలిపోయింది. ఇద్దరికీ కలిపి డిస్కౌంటు అన్నాడు చూడు, నాకు అక్కడే ఒళ్ళు మండింది. చీరల కొట్టా అది!

ఇంకోటి, సీసాలో ఏముందో ఎవరికి తెలుసు? కీమో, ట్రాస్టుజుమాబ్ అయిన ఒంటికి ఏదో పొడి కలిపిన సెలైన్ పొడిస్తే, ఇన్ఫెక్షన్ వస్తే ఎవరు చూస్తారు? మీ అప్ప చెకప్‌లు మానకుండా చూడు. ట్రాస్టుజుమాబ్ వాడినవాళ్ళకి గుండె ఎకో కూడా డాక్టరు చెప్పినప్పుడు తీయించాలి.

నీ రెండో ప్రశ్నకి, ఇప్పుడు రోగం లేనివాళ్ళకి చేతిలో ఉన్నది పరీక్ష. టీకా కాదు. టీకాతో ఆపగలిగే క్యాన్సర్లు ఉన్నాయి. గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్‌కి హెచ్‌పీవీ టీకా, కాలేయానికి హెపటైటిస్ బి టీకా. అవి వైరస్ వల్ల వచ్చేవి కాబట్టి కుదిరింది. ఇంట్లో ఆడపిల్లలుంటే హెచ్‌పీవీ వేయించండి, ఆ 65 వేల ఆలోచన అటు మళ్ళించండి.

రొమ్ముకి మన దగ్గర ఏది పనిచేస్తుందో ముంబయిలో టాటా మెమోరియల్ వాళ్ళు ఇరవై ఏళ్ళు చూశారు. బస్తీల్లో 35 నుంచి 64 ఏళ్ళ ఆడవాళ్ళు లక్షన్నర మంది. మామోగ్రామ్ కాదు, శిక్షణ ఇచ్చిన ఆడ కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్ష చేశారు. 2021లో ఫలితం వచ్చింది. కణుతులు తొందరగా, చిన్న దశలో దొరికాయి. 50 దాటినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్నవాళ్ళలో తగ్గుదల కనపడలేదు, అది కూడా చెప్పాలి.

చేత్తో అంటే ఊరికే తడమడం కాదు. మూడు వేళ్ళ మెత్తటి భాగంతో చిన్న చిన్న గుండ్రాలు తిప్పుతూ, ఒక్కో చోట ముందు పైపైన, తరవాత కొంచెం నొక్కి, తరవాత పక్కటెముక తగిలేదాకా. పడుకోబెట్టి, చెయ్యి తల కింద పెట్టించి, చంక లోపలి దాకా వెళ్ళాలి. మా వార్డుకి ఆలస్యంగా వచ్చేవాళ్ళలో చాలామంది గడ్డ ఉందని ముందే తెలిసినవాళ్ళే. నొప్పి లేదు కదా అని ఊరుకున్నామంటారు. చెప్తే ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు, ఒడియాలో ఏమని చెప్పాలి, మగ డాక్టరైతే ఎలా, ఇవన్నీ.

గుణుపురం_టీచరమ్మ

భాష సంగతి నిజం. మా పక్కింటావిడ పెద్దాసుపత్రిలో డాక్టరు ఒడియాలో అడిగినదానికల్లా "హఁ హఁ" అని తలూపి వచ్చేసింది. ఏం చెప్పారమ్మా అంటే, ఏమో, మంచిగానే మాట్లాడాడు అంది.

ఐస్‌బాక్స్ (కోరాపుట్)

ఖర్చు గురించి ఒక మాట. ఆంధ్ర ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, మన ఒడిశా కార్డువాళ్ళకి పనికిరాదు, విశాఖ కౌంటర్లో వాదించి లాభం లేదు. 2025 నుంచి ఒడిశాలో ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి నడుస్తున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్ళకి అదనంగా మరో 5 లక్షలు. ఆ పథకంలో చేరిన ఆసుపత్రి అయితే బయటి రాష్ట్రంలోనూ చెల్లుతుంది. వెళ్ళే ముందు లిస్టులో ఉందో లేదో చూసుకోండి. కీమో ఒక్కటే అయితే ఒడిశాలో జిల్లా ఆసుపత్రుల్లోనే ఇచ్చే ఏర్పాటు ఉంది.

వేదిక_నిర్వాహకుడు

ఆ సరఫరాదారు పేరు, ఫోన్ నంబరు ఎవరూ ఇక్కడ పెట్టకండి. ఫిర్యాదు చేయదలిస్తే జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టరుకి ఇవ్వండి.

నాగావళి_ఒడ్డు (రాయగడ)

అందరికీ దండాలు. అక్క చెప్పినట్టే బావ చేత ఫోన్ చేయించి సీటీఆర్‌ఐ నంబరు అడిగించాను. మీకు అవన్నీ ఎందుకు, నమ్మకం ఉంటే చెప్పండి, లేకపోతే వేరేవాళ్ళు క్యూలో ఉన్నారు అన్నాడట. బావకి తిక్క రేగి ఫోన్ పెట్టేశాడు. తాకట్టు మాట ఇప్పుడు లేదు.

అమ్మకి అండాశయం, అప్పకి రొమ్ము. వంశపారంపర్యం పరీక్ష ఏదో ఉందంటున్నారు. నేను చేయించుకోనా? నాలాంటివాళ్ళకి టీకా ఎప్పటికైనా వస్తుందా?

నైట్‌డ్యూటీ_అక్క (ఇచ్ఛాపురం)

అది బీఆర్‌సీఏ పరీక్ష, ఆ పేరున్న జన్యువుల్లో వంశపారంపర్యంగా వచ్చే మార్పు ఉందేమో చూస్తారు. రక్తంతో చేస్తారు. ముందు నీకు కాదు, మీ అప్పకి చేయించండి. రోగం వచ్చిన మనిషిలో మార్పు దొరికితే, అప్పుడు నీకు సరిగ్గా ఆ ఒక్క మార్పు ఉందో లేదో చూస్తే చాలు, తేలిగ్గా తేలుతుంది, ఖర్చూ తక్కువ. ముందే నీకు చేసి నెగెటివ్ వస్తే ఆ నెగెటివ్‌కి అర్థం ఏమిటో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. అప్పకి మార్పు ఉంటే నీకు వచ్చే అవకాశం సగం. పరీక్షకి ముందు జెనెటిక్ కౌన్సెలింగ్ అడుగు, అమ్మ తరఫు పెద్దమ్మలు, పిన్నులు, అమ్మమ్మ ఎవరెవరికి ఏం జబ్బులు, ఏ వయసులో వచ్చాయో రాసుకెళ్ళు.

నీకూ ఉందని తేలితే ఏడాదికోసారి ఎంఆర్‌ఐ, మామోగ్రామ్ రెండూ. పిల్లలు చాలనుకున్నాక అండాశయాలు తీయించే సంగతి కూడా డాక్టరు మాట్లాడతారు. భయపెట్టడానికి కాదు, అమ్మకి వచ్చింది అదే కాబట్టి చెప్తున్నాను.

గాజుపలక (బరంపురం)

టీకా ప్రశ్నకి: ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో బీఆర్‌సీఏ మార్పు ఉన్నవాళ్ళ కోసమే ఒక డీఎన్‌ఏ టీకా మొదటి దశ ట్రయల్ పెట్టారు. ఇప్పటిదాకా క్యాన్సర్ రానివాళ్ళని కూడా అందులో తీసుకున్నారు. ముందు జాగ్రత్త టీకా వైపు నాకు తెలిసిన సరైన అడుగు అది. మన ఊళ్ళ దాకా రావడానికి, వస్తేగిస్తే, చాలా ఏళ్ళు.

ఈలోగా ఒక పని. అప్ప ఆపరేషన్ చేసిన ఆసుపత్రి నుంచి రిపోర్టు కాగితంతో పాటు పారాఫిన్ బ్లాకులు కూడా అడిగి తీసుకోండి, చిన్న మైనపు దిమ్మల్లా ఉంటాయి. రేపు మళ్ళీ హెర్‌2 చూడాలన్నా, కొత్త పరీక్ష ఏదైనా చేయాలన్నా అవే ఆధారం. ఎండలో, స్టవ్ పక్కన పెట్టకండి, కరిగిపోతాయి. చాలా ఆసుపత్రులు కొన్నేళ్ళు దాచి తరవాత పారేస్తాయి, అడిగితే సంతకం పెట్టించుకుని ఇస్తారు.